నీళ్ళు పడకూడని బోరు

మా తాత బుల్లయ్య వేసిన బోరు ఫెయిలవదని పర్చూరు చుట్టుపక్కల పేరు. అందులో కిటుకొకటుంది. మా నేలలో పడేవి ఎక్కువగా ఉప్పునీళ్ళే. తాత లెక్కలో గేదె మొహం తిప్పుకున్నా సరే, నీళ్ళు నీళ్ళే. "నీళ్ళు పడతాయన్నాను గానీ పంచదార కలిపిస్తానన్నానా?" అనేవాడు. చేతిబోరు తిప్పడం తప్ప ఆయనకి వేరే పని రాదు. ఆ పేరు పోతే పిలిచేవాడుండడు.

రెండువేల ఐదు వానలకి మా ఊరి మంచినీళ్ళ చెరువు కట్ట పొడుగునా నెర్రె విచ్చింది. కట్ట జారుతోందో లేదో కనిపెట్టడానికి గుంటూరు నుంచి వేణుగోపాల్ అనే ఇంజనీరు వచ్చాడు. కట్టలో లోతుగా బోరు వేసి, లోపలివైపు గాడులున్న ప్లాస్టిక్ గొట్టం దింపి, దాని చుట్టూ సిమెంటు పాలు పోసి బిగించాలట. తర్వాత నెలనెలా ఆ గాడుల వెంట ఒక కడ్డీ దింపి చూస్తే గొట్టం ఎటు వంగిందో, అంటే కట్ట ఎటు జరిగిందో తెలుస్తుందట. ఆయన తెచ్చిన బోరు లారీ నల్లరేగడి బురదలో ఇరుసుదాకా దిగబడింది. అందుకని తాతకి కబురొచ్చింది.

"నీళ్ళు ఎంత లోతులో కావాలండీ?" అన్నాడు తాత.

"నీళ్ళు అక్కర్లేదండీ."

ఇంటికొచ్చి నానమ్మ వెంకటేశ్వరమ్మతో గొణిగాడు. "నీళ్ళొద్దంటన్నాడే ఆ కుర్రాడు."

"వద్దంటే మానెయ్. నీకేం పోయింది?"

"నా పేరు పోద్దే పిచ్చిదానా!"

మర్నాడు బోరు పూర్తయింది. ఇంజనీరు, ఆయన మనుషులు అన్నాలకెళ్ళారు. తాత గొట్టాన్ని అటూ ఇటూ దొర్లించి చూశాడు. ఊట లోపలికి రావడానికి ఒక్క గాటు లేదు. గాట్లు లేని గొట్టాన్ని ఆయన జన్మలో దించలేదు. పాపం, చదువుకున్నవాళ్ళు మరిచిపోయారనుకున్నాడు. యాక్సా బ్లేడు తీసి, అడుగున దిగే గొట్టం నిండా శ్రద్ధగా గాట్లు కోసి, పసుపు రాసి, వాళ్ళు వచ్చేసరికి దించేశాడు.

సిమెంటు పాలు పోస్తుంటే ఎంతకీ పైకి రావు. ఇంజనీరు గొట్టంలోకి టార్చి వేసి చూశాడు.

"లోపలికి సిమెంటు ఎలా వచ్చింది?"

"గాట్లలోంచండీ. మీవాళ్ళు మరిచారు గానీ, నేను పెట్టేశానులెండి," అన్నాడు తాత, మెచ్చుకుంటాడని నిలబడి.

ఇంజనీరు ఇస్త్రీ ప్యాంటుతో అలాగే బురదలో కూలబడ్డాడు.

సాయంత్రానికి గొట్టం లోపల రాయిలా బిగిసింది. టీ కొట్టు దగ్గర పానకాలు, అదే మా పక్కింటాయన, అందుకున్నాడు. "మామా, బోర్లో నీళ్ళు పడకపోవడం విన్నాం గానీ రాయి పడ్డం ఇదే చూడ్డం!"

లారీ ఇంకా బురదలోనే ఉంది. వేరే దిక్కు లేక ఇంజనీరు తాతనే మళ్ళీ పిలిచాడు, యాక్సా బ్లేడు ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. రెండో బోరు వేస్తుంటే గుంటలో నీళ్ళు పైకొచ్చాయి. తాత దోసిట్లోకి తీసి చప్పరించాడు.

"తియ్యగా ఉన్నాయిరా!"

ఆ కేకకి ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. పక్కనే చెరువు నిండా అవే నీళ్ళున్నాయని ఒక్కరికీ తట్టలేదు.

"అది చెరువు ఊటండీ. కట్ట మెత్తబడేది దానివల్లే," అన్నాడు ఇంజనీరు. గొట్టం దించి, అది తేలకుండా లోపల బిందెలతో నీళ్ళు పోయించాడు.

"నీళ్ళొద్దన్నావు. ఇప్పుడు నువ్వే పోయిస్తన్నావేందయ్యా?"

"బుల్లయ్యగారూ, కట్ట జారితే ముందు మునిగేది కింద వీధి. సిమెంటు పాలు పొయ్యండి."

కింద వీధిలో మొదటి ఇల్లు మాదే. తాత బిందెల వంక చూశాడు, మా ఇంటి వంక చూశాడు. ఇల్లు మునిగితే పెళ్ళాం పెట్టే పోరు కన్నా ఊరి నవ్వే తేలికనుకున్నాడో ఏమో, మొహం పక్కకి తిప్పుకుని పోసేశాడు. జన్మకొక్కసారి పడ్డ తియ్యటి నీళ్ళు కట్ట మీదుగా పొర్లి పోయాయి.

చలికాలం కడ్డీ దింపినప్పుడు గొట్టం కింద వీధివైపు ఒరిగిందని తేలింది. చెరువు సగానికి దించి, కట్ట అడుగున రాళ్ళు పేర్చారు. తాతని మాత్రం ఎవరూ పిలవలేదు. నీళ్ళు పడ్డ బోరుని పూడ్చినవాడని చెప్పుకున్నారు. ఆయన అరుగు మీద కూర్చుని బోరు కమ్మీలకి ఊరికే నూనె రాసేవాడు.

ఎండలు ముదిరాక పానకాలే వచ్చాడు. "మామా, పత్తిచేలో బోరెయ్యాలి. సిమెంటు మాత్రం పొయ్యమాక."

తాత లేచి కమ్మీలు భుజానేసుకున్నాడు. "నీళ్ళు కావాలో వద్దో ఇప్పుడే తేల్చి చెప్పరా. తర్వాత నన్నంటే ఊరుకోను."