మూడు జానల విమానం

మా చిన్నప్పుడు... పొదిలిలో మా పక్కింటి రజియా వాళ్ల వసారాలో, రంపపు పొట్టు మధ్య కూర్చుని బావురుమని ఏడ్చాను. ఒక చెక్క ముక్క పొట్టిగా కోసేశానని!

ఏడో తరగతిలో మా సైన్సు మాస్టారు గుంటూరు నుంచి బాల్సా చెక్క తెచ్చారు. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు... విమానం చేయమని దాన్ని నాకూ రజియాకూ ఇచ్చారు. "ఉన్నది ఇంతే, పాడు చేస్తే మళ్లీ తేలేను" అన్నారు. శనివారం బడి మైదానంలో అందరి ముందూ ఎగరేయాలి.

కొలతలూ ఆయనే చెప్పారు. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు పాళ్లయితే బాడీ మూడు పాళ్లు. రెక్కలకు ముందు ఒక పాలు, వెనక రెండు. పాలంటే జాన అనుకుందామని మేమిద్దరం తీర్మానించేసుకున్నాం. మా అంత తెలివైనవాళ్లు జిల్లాలో లేరు మరి!

రెక్కలు రజియా పని. వాళ్ల నాన్న మస్తాన్ బాబాయ్ వడ్రంగి. ఆయన చేత నాలుగు జానలు కొలిపించుకుని, మూడు రోజులు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది. బాడీ నా పని. మా ఇంట్లో నా చేత్తోనే మూడు జానలు కొలిచి కోసేశాను. మిగిలిందంతా తోకకు ముక్కలు చేశాను.

శుక్రవారం సాయంత్రం రెండూ ఒకచోట పెట్టి చూస్తే... అంత రెక్కలకు ఇంతే బాడీ!

"ఏమే, సగమే తెచ్చావేంటే?" అంది రజియా.

ఇంకేముంది, ఏడుపు. మాస్టారు తిడతారని భయం... రజియా మాట్లాడటం మానేస్తుందేమోనని ఇంకా భయం.

మస్తాన్ బాబాయ్ వచ్చి బాడీ మీద తన చెయ్యి పెట్టాడు, తర్వాత నా చెయ్యి పెట్టించాడు. ఒకటే నవ్వు.

"ఏందమ్మా, రెక్కలకి నా చెయ్యి, దీనికి నీ చెయ్యా! పొట్టిదాన్ని సాగదీయలేను గానీ, పొడుగుదాన్ని తగ్గించొచ్చు గదా. రెక్కలు కూడా నీ చేతికే కోద్దాం."

నేను రజియా వైపు చూశాను. మూడు రోజులు రుద్దిన రెక్కలవి. ఒక్క క్షణం వాటిని తడిమింది.

"కొయ్యి నాన్నా. చివర్లు మళ్లీ రుద్దుకుంటాలే."

నాకు ప్రాణం లేచొచ్చింది. బాబాయ్ చెవి మీది పెన్సిల్ తీసి, నా చేతి కొలతకే రెండు వైపులా గీతలు గీశాడు.

శనివారం మా విమానం పల్టీ కొట్టకుండా తిన్నగా కంచె దాటి, పక్క కళ్లంలో ఎండబోసిన మిరపకాయల మీద దిగింది. హమ్మయ్య... తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ ఇద్దరం పరిగెత్తాం.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో ప్లాన్ చూసి మిల్లీమీటరు తేడా రాకుండా చెక్క కోస్తుంది. పక్కింటికి పరిగెత్తే పనే లేదు...

ఆ విమానం ఇంకా రజియా ఇంట్లో బీరువా మీద ఉంది. మొన్న వెళ్లినప్పుడు దాని బాడీ మీద చెయ్యి పెట్టి కొలిచాను. మూడు జానలది... రెండున్నరే వచ్చింది.

"ఎంత చిన్న చేతులే మనవి!" అంది రజియా.

మీ చిన్న చేతులతో కొలిచి చేసినవి మీ ఇంట్లో ఇంకా ఏమైనా ఉన్నాయా? ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి, ఎన్ని జానలు వచ్చాయో చెప్పండి...