చాతం జెట్టీలో నేను చెప్పిన అబద్ధం

మా మాస్టారు పోయారన్న కబురు నాకు పోర్ట్ బ్లెయిర్‌లోని చాతం జెట్టీలో తెలిసింది. బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీకి టికెట్ తీసుకుంటుంటే కౌంటర్లో అమ్మాయి, "దీదీ, మీ తెలుగు మాస్టర్‌జీ నిన్న పొద్దున పోయారంట, మాలూమ్ హై?" అంది. నాకు తెలియదు. వాళ్లిల్లు మా ఇంటికి పది నిమిషాల నడక. అయినా ఆరు నెలలుగా నేను ఆ గుమ్మం తొక్కలేదు.

ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మా బడికి టీచరుగా వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. మాలో చాలామందిమి చేపలు పట్టేవాళ్ల పిల్లలం. ఇంట్లో 'మన ఊరు' అంటే ఎవరూ పోర్ట్ బ్లెయిర్ అనుకునేవాళ్లు కాదు, మేమెప్పుడూ చూడని ఆ శ్రీకాకుళం ఒడ్డునే అనుకునేవాళ్లు. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "ఊరంటే తాతలు పుట్టిన చోటొక్కటే కాదమ్మా, మీ కాళ్లు తిరిగిన చోటు కూడా" అనేవారు. అందుకే నెలకో శనివారం మమ్మల్ని తిప్పేవారు. పడవలో కడుపు తిప్పే పిల్లల కోసం జేబులో శొంఠి ముక్కలు ఉంచుకునేవారు.

సెల్యులార్ జైల్లో ఒక్కొక్కరినీ ఒక్కో ఖైదీ గదిలో నిలబెట్టి, మనసులో వంద లెక్కపెట్టమన్నారు. బయటికొచ్చాక, "ఏం వినబడింది?" అని మాత్రం అడిగారు. వైపర్ దీవిలో ఉరికంబం ఉన్న గుట్ట ఎక్కేముందు, తింటున్నవి కింద పెట్టించారు. ఎందుకో చెప్పలేదు. పైకెక్కాక మాకే తెలిసింది.

నాకు పన్నెండేళ్లప్పుడు బాంబూఫ్లాట్ పక్కనున్న హోప్ టౌన్ తీసుకెళ్లారు. వెనకటి రోజుల్లో ఒక ఖైదీ బ్రిటిష్ వైస్రాయిని పొడిచి చంపిన చోటది. మాస్టారు ఆ కథ చెబుతుంటే నా ధ్యాసంతా బాంబూఫ్లాట్‌లో మా మేనత్త కొన్న కొత్త రేడియో మీదే ఉంది. తిరుగు పడవ కోసం బాంబూఫ్లాట్ జెట్టీకి వచ్చాక, నా స్నేహితురాలి చెవిలో, "ఇట్టే వచ్చేస్తాను. పేరు పిలిస్తే నువ్వు పలుకు" అని చెప్పి జారుకున్నాను.

మాస్టారు పేర్లు పిలిచారు. నా పేరు కూడా పిలిచారు. నా స్నేహితురాలు పలికింది. నేను రేడియో విని పరుగెత్తుకొచ్చేసరికి పడవ సగం నీళ్లు దాటింది.

తరవాతి పడవలో చాతం చేరాను. జెట్టీ మీద మా నాన్న మాస్టారి చొక్కా పట్టుకుని ఉన్నాడు. "ఏటి మాస్టారూ, పిల్లని అక్కడ ఒగ్గేసి వచ్చేసినారా? లెక్క చూసుకోనక్కర్నేదా మీకు?" చుట్టూ పక్కనున్న కలప మిల్లు కూలీలు, మిగతా పిల్లల తల్లిదండ్రులు నిలబడిపోయారు. నాన్న నా వైపు తిరిగి, "నిన్ను పిలిసినాడా, నేదా? సెప్పు" అన్నాడు.

"పిలవలేదు" అన్నాను.

మాస్టారు నా ముఖంలోకి చూశారు. కోపంగా కాదు. తరవాత నాన్నతో, "నాదే పొరపాటు" అన్నారు.

సోమవారం అదే చొక్కాతో బడికొచ్చారు. తెల్ల గుండీల మధ్య ఒక నల్ల గుండీ కుట్టి ఉంది. ఆ వారంలోనే హెడ్మాస్టరు ఆ ప్రయాణాలు ఆపించేశారు. మాస్టారు రిటైరయ్యేదాకా ఆ బడి నుంచి ఏ పిల్లా ఆయనతో ఎక్కడికీ వెళ్లలేదు. వెనక వచ్చిన అన్ని తరగతుల పిల్లల శనివారాలూ నేనే పోగొట్టాను.

రిటైరయ్యాక వీధి పిల్లలతో మళ్లీ మొదలుపెట్టారు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, "రాస్ దీవికి వెళ్తున్నాం. మీ అమ్మాయిని పంపుతావా?" అని అడిగారు. ఆయన నన్ను అనుమతి అడుగుతుంటే తలెత్తలేకపోయాను. దింపడానికి జెట్టీకి వెళ్లి చూస్తే, ప్రతి పిల్లా పేరు పిలవగానే పలికి, వచ్చి ఆయన అరచేతిని తాకి పడవెక్కుతోంది. నా కూతురు తాకింది. అప్పుడైనా చెబుదామని, "మాస్టారూ, ఆ రోజు..." అన్నాను. "పద పద, పడవ కదుల్తోంది" అని ఎక్కేశారు. ఆయన ఆపారని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు హాయిగా అనిపించింది.

మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్య పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా. నీ స్నేహితురాలు పడవలోనే ఏడుస్తూ ఆయనకి చెప్పేసింది."

"మరి ఆయనెందుకు చెప్పలేదండీ?"

"నేనూ అదే అడిగాను. అంతమందిలో పిల్లని అబద్ధాలకోరుని చేస్తే, రేపు బడికి ఏ ముఖంతో వస్తుందే అన్నారు." ఆ వెంటే, "నువ్వొచ్చి చెబుతావని మాత్రం చాలా ఏళ్లు అనుకున్నారు" అంది.

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా లోపల గుచ్చుకుంటోంది. మా నాన్న పోయి చాలా కాలమైంది, ఆయనకు ఇక చెప్పలేను. ఆ రోజు జెట్టీలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే తెలుసుకోండి. మాస్టారు నా పేరు పిలిచారు.

లేచి బయటికొచ్చాను. గేటు దగ్గర మాస్టారు తిప్పే ఆ వీధి పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. లోపలికి రావచ్చో లేదో వాళ్లకి తెలియడం లేదు. చివర్లో జత లేని చిన్నపిల్ల ఒకతి నన్ను చూసి చెయ్యి చాపింది. నా చెయ్యి వెంటనే లేవలేదు. ఆ పిల్ల అలాగే చాపి ఉంచింది.