చిన్నకోడలి మీటలు

పాటలు వాయించే కీబోర్డుల ఫ్యాక్టరీలో పెద్దకోడలిది చివరి బల్ల. చిన్నకోడలిది దానికి ముందు బల్ల. ఇంట్లో ఒకే వంటగది, ఇక్కడ ఒకే వరస. ఇద్దరి మధ్యా మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

ఒకప్పుడు ఇద్దరూ మీటలు బిగించేవాళ్లే. మీటల కింద ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. దాని అడుగున నల్లటి చుక్కలుంటాయి. మీట నొక్కితే ఆ చుక్క కింది పలకకు తగులుతుంది, అప్పుడే శబ్దం వస్తుంది. ఉత్త చేత్తో ముట్టుకుంటే వేళ్ల జిడ్డు అంటి, కొన్నాళ్లకి మీట మూగబోతుంది. అందుకే గ్లౌజు లేకుండా పట్టీని తాకడం అక్కడ మహాపాపం.

ఒకసారి మూగ మీటల కీబోర్డులు దుకాణాల నుంచి గుట్టగా తిరిగొచ్చాయి. గ్లౌజు తీసి పనిచేసింది చిన్నకోడలు. సూపర్‌వైజరు అడిగితే తడుముకోకుండా, "గ్లౌజు వేసుకుంటే మా అక్కకి చేతులు చెమట పోస్తాయండీ" అంది. అందరి ముందూ. పెద్దకోడలు నోరు తెరిచేలోపే ఆమెను అట్టపెట్టెలు మడిచే పనిలోకి తోసేశారు.

చాలాకాలం పెట్టెలు మడిచాక, పరీక్ష చేసే ఆవిడ మానేస్తే ఆ కుర్చీ ఈమెకు దక్కింది. కూర్చుంటూనే అనుకుంది, 'చిక్కావే నా చేతికి.'

మిగతావాళ్ల కీబోర్డులు మామూలుగా చూసేది. చిన్నకోడలివి వస్తే మాత్రం హెడ్‌ఫోను చెవులకు బిగించి, ప్రతి మీటనీ ముందు మెత్తగా, తర్వాత గట్టిగా నొక్కేది. మెత్తగా నొక్కితే చిన్నగా, గట్టిగా నొక్కితే పెద్దగా మోగాలి. పక్కదానికన్నా వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర చీటీ అంటించి వెనక్కి తోసేది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావక్కా" అనేది చిన్నకోడలు.

"ఈక ఉంది గనకే పీకుతున్నా."

పీకగా పీకగా ఈకలు అయిపోయాయి. ఎర్ర చీటీకి భయపడి చిన్నకోడలు స్క్రూ స్క్రూకీ ఆగి చూసుకోవడం నేర్చింది. ఆమె బిగించింది ఒక్కటీ తిరిగి రావడం లేదు. ఆమెను లైన్ లీడర్ని చేద్దామని మేనేజరుకి తోచి, పెద్దకోడలిని పిలిచాడు.

"రోజూ ఆమె పని చూసేది నువ్వే. ఏమంటావ్?"

చెడ్డగా చెబుదామంటే ఒక్క తప్పూ లేదు. మంచిగా చెబితే రేపట్నించి దాని కింద పడి ఉండాలి. మెల్లగా అంది.

"ఆ చెయ్యి బంగారం సార్. బల్ల మీంచి లేపేశారంటే అలాంటి చెయ్యి మళ్లీ దొరకదు."

మేనేజరు తల ఊపాడు. లీడరు పదవి ఇంకెవరికో పోయింది.

సంగతి సాయంత్రానికే చిన్నకోడలి చెవిన పడింది. మర్నాడు తన మొదటి కీబోర్డు తనే మోసుకొచ్చి పెద్దకోడలి ముందు పెట్టి, అక్కడే నిలబడింది. పెద్దకోడలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నొక్కింది. తప్పు దొరకలేదు.

"ఇంకోసారి చూడక్కా, తొందరేముంది. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాగా."

పెద్దకోడలు హెడ్‌ఫోను సర్దుకుని మళ్లీ మొదటి మీట మీద వేలు పెట్టింది.