ఇరవై ఒక్క స్టాపులు

మా మావయ్యను కూర్చోబెట్టగల కుర్చీ ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు. బస్సులో డ్రైవరు సీటు ఒక్కటే మినహాయింపు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ సీట్లో రాయిలా కూర్చున్న మనిషి ఇంటికొస్తే మాత్రం కాలుగాలిన పిల్లే. పేపరు చదవడం వరండాలో నడుస్తూ, ఫోను మాట్లాడటం మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ, అన్నం తినడం వంటగది గుమ్మానికి ఆనుకుని. "పెళ్ళిచూపుల్లో కూడా కూర్చోలేదు ఈయన. అబ్బాయి పొడవు చూపించుకోవడానికి నిలబెట్టారనుకున్నాను" అంటారు అత్తయ్య.

డిపోలో ఆయన్ని గడియారం అంటారు. స్టాపుకి రావలసిన టైము ఏడూ పన్నెండైతే ఏడూ పన్నెండుకే వస్తారు. ఒకవేళ ఏడూ పదికే వచ్చేస్తే రెండు నిమిషాలు బస్సు ఆపుకుని కూర్చుంటారు. లోపల జనం ఎంత గొణిగినా సరే. "ముందే వెళ్ళిపోయిన బస్సూ, అసలు రాని బస్సూ ఒకటేనమ్మా జనానికి. ఆలస్యమైతే తిట్టుకుంటారు, అంతే. ముందే పోతే మోసపోతారు" అని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు పాఠం చెప్పారు.

అలాంటి మనిషిని ఈ ఏడాది మొదట్లో బస్సు దింపేశారు. డిపో వైద్య పరీక్షలో, నడిచే మిషను మీద ఆరో నిమిషానికే ఆయాసం వచ్చింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష, అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోవద్దని టైంకీపరు గదిలో వేశారు. పాసైతే సర్వీసులో మిగిలిన రెండేళ్ళూ బస్సు. తప్పితే ఆ రెండేళ్ళూ ఆ గదే. నేనోసారి ఆయన మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళి ఆ గది చూశాను. గాజు కిటికీ, దానికి చెయ్యి పట్టేంత కన్నం, ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్ను. బయటికి పోయే ప్రతి బస్సు నంబరూ, టైమూ రాసుకోవాలి. కుర్చీ మీద ఆయన టిఫిను డబ్బా కూర్చుని ఉంది. ఆయన నిలబడి, గేటు దాటి వెళ్తున్న బస్సుల్ని మెడ తిప్పి తిప్పి చూస్తున్నారు. ఆ చూపు చూశాక నాకు ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. వెనక గదిలో మిషను ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీయడం నా పని. రోజంతా కదలకపోవడం వల్ల నడుం పట్టేస్తోందని మూడేళ్ళ క్రితం పరుగు మొదలుపెట్టాను. ఊరి చివర పెద్ద థీమ్ పార్కు ఒకటుంది. రంగులరాట్నాలు, నీళ్ళ జారుడుబల్లలు, కోటలాంటి గేటు. ఏడాదికోసారి తెల్లవారుజామున, జనం రాకముందు, ఆ పార్కు దారుల్లో పరుగుల పండుగ పెడతారు. శుక్రవారం ఐదు కిలోమీటర్లు, శనివారం పది, ఆదివారం ఇరవై ఒకటి. మూడూ పూర్తి చేసినవాళ్ళకి మూడు పతకాలు కాక నాలుగోది ఇస్తారు. ఆ నాలుగోదాని కోసమే అందరి ఆరాటం. మా షాపులో బిల్లులు రాసే అమ్మాయీ నేనూ జంటగా పేర్లిచ్చాం. జంటగా ఇస్తే ఇద్దరూ కలిసే గీత దాటాలి. ఆ అమ్మాయి కాస్తా కడుపుతో ఉన్నానని తప్పుకుంది.

ఈ గోల నేను ఇంట్లో చెప్పుకుంటుంటే మావయ్య గుమ్మం దగ్గర నుంచి, "ఆ రెండో నంబరు నాకియ్యి అమ్మాయ్" అన్నారు.

మా ఆయన తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. "నాన్నా, మీకు యాభై ఎనిమిది. పైగా షుగరు."

"షుగరు మాత్రలు వేసుకుంటున్నాగా. డాక్టరు నడవమన్నాడు. పరుగు వద్దనలేదు." ఆదివారం పరుగు, మంగళవారం డిపో పరీక్ష. ఆయన లెక్క అప్పటికే వేసేసుకున్నారు. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తగలిగిన ఊపిరి ఆ మిషనుకి లొంగదని ఆయన ధైర్యం.

నాలుగు నెలలు ఇద్దరం కలిసి పరిగెత్తాం. ఇలాంటి వరస పందేలకి ఒళ్ళు సిద్ధం చేసే పద్ధతి వేరు. నిన్నటి అలసట తీరకముందే ఇవాళ మళ్ళీ పరిగెత్తాలి. వారంలో మూడు రోజులు వరసగా, రోజురోజుకీ దూరం పెంచుకుంటూ. రెండు నిమిషాలు పరుగు, నిమిషం నడక. మొదటి నెల మావయ్య ఆయాసపడుతుంటే నేను ఆపి నడిపించేదాన్ని. మూడో నెలకి ఆయన పరిగెత్తుతూ డిపో రాజకీయాలు చెప్పేంతటి వారయ్యారు. నేనే వినలేక వెనకబడేదాన్ని.

ఒక్కటే చిక్కు. మా ఇంటి నుంచి డిపో దాకా ఉన్న పదకొండు స్టాపులకీ ఆయన టైములు వేసుకున్నారు. స్టాపుకి ముందుగా వస్తే ఆగిపోయేవారు. స్టాపు షెల్టరు స్తంభం మీద ఒక చెయ్యి వేసి, వాచీ చూసుకుంటూ, కుడికాలు నేలకేసి టకటకా కొడుతూ నిలబడేవారు. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం.

"మావయ్యా, ఇది బస్సు కాదు. ముందొస్తే ముందే పోవచ్చు."

"అలవాటమ్మా. కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది" అనేవారు నవ్వుతూ.

నాకు అరికాలిమంట నెత్తికెక్కేది. వేడెక్కిన ఒళ్ళు ఆపితే బిగుసుకుపోతుంది. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవారు. మా ఆయన ఒకరోజు స్కూటరు మీద వెంబడించి, ఖాళీ స్టాపులో తండ్రి కాలు ఆడిస్తూ నిలబడటం వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. వారం రోజులు ఫోన్లే ఫోన్లు. బస్సు దిగినా మా బాబాయి స్టాపులు వదలడు అని ఒకరు, టికెట్టు కూడా కొట్టమనండి అని ఒకరు. మావయ్య కూడా ఆ వీడియో చూసి మాతో కలిసి నవ్వారు. మావయ్యని ఎరిగినవాళ్ళం ఎవరమూ ఇంకోలా అనుకోలేదు.

పందెం వారం వచ్చేసరికి ఇంట్లో ఒక్కరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. మావయ్య రాత్రి ఎనిమిదికే పడుకుని రెండింటికే లేచి తిరుగుతున్నారు. అత్తయ్య విసుక్కుంటూనే సంచి సర్దారు, విప్పారు, మళ్ళీ సర్దారు. నేను షాపులో ఒక ముసలాయన అద్దాన్ని ఎక్కువగా అరగదీసి ఫ్రేములోంచి జారిపోయేలా చేశాను. ఏడేళ్ళలో అదే మొదటిసారి.

శుక్రవారం ఐదూ మంచినీళ్ళ ప్రాయంగా అయిపోయింది. శనివారం పదీ అయింది. ఆదివారం చీకట్లో, వెలగని రాట్నం కింద నిలబడి, బూట్లు తొడుక్కోకముందే నంబరు కాగితాలు చొక్కాలకి పిన్నులతో గుచ్చుకున్నాం. మావయ్య వేళ్ళలోంచి ఒక పిన్ను ఎక్కడో జారిపోయింది. వెతికే టైము లేదు, మూడు చాలన్నారు.

ఈ పందెంలో అందరూ భయపడేది వెనకొచ్చే బస్సుకి. కిలోమీటరుకి పది నిమిషాల చొప్పున అది చివర్న నెమ్మదిగా వస్తుంది. దానికి వెనకబడ్డవాళ్ళని ఎక్కించుకుని తీసుకుపోతుంది. ఎక్కినవాళ్ళకి పతకం లేదు. ఇన్నేళ్ళు జనాన్ని ఎక్కించుకున్న మనిషిని ఇంకొకడు ఎక్కించుకుని పోతే ఎంత నామోషీ అని మావయ్య నెల నుంచీ అంటున్నారు.

ఆయన ఇరవై ఒక్క కిలోమీటర్లకీ ఇరవై ఒక్క టైములు రాసి కాగితం జేబులో పెట్టుకున్నారు. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఆగడం. స్తంభం దొరికితే స్తంభం, లేకపోతే నా భుజం పట్టుకుని కాలు నేలకేసి కొట్టడం. పెద్ద చెవుల కుందేలు వేషం వేసుకున్న ఒకాయన మమ్మల్ని చూసి, వీళ్ళకేమయిందన్నట్టు తానూ కాలు కొట్టాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను.

పదిహేనో కిలోమీటరు దాటాక వెనక ఇంజను మోత వినపడింది.

"రెండో గేరులో లాగుతున్నాడు వెధవ. మూడొందల గజాల్లో ఉంటాడు" అన్నారు మావయ్య తిరిగి చూడకుండా.

"ఇంక ఆగొద్దు మావయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒక్కసారి, పద్దెనిమిదో దగ్గర ఒక్కసారి."

పద్దెనిమిది దగ్గర ఆగారు. పంతొమ్మిది దగ్గరా ఆగారు. మోత దగ్గరైంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఈడ్చాను. మామగారిని చెయ్యి పట్టి ఈడ్చిన కోడలని లోకం ఏమనుకున్నా సరే అనుకున్నాను. కోట గేటులోంచి ఆయనా నేనూ ఒకే అడుగుతో గీత దాటేసరికి బస్సు మా వెనక ముప్పై గజాల్లో ఉంది. మెడలో రెండు పతకాలు వేశారు, ఆదివారంది ఒకటి, నాలుగోది ఒకటి. మావయ్య ఊపిరి చక్కగా ఆడుతోంది. "మంగళవారం ఆ మిషను సంగతి చూస్తా" అన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు చూశాను. ఆయన కుడి బూటు ముందు భాగం గుడ్డంతా ఎర్రగా తడిసి ఉంది.

గట్టు మీద కూర్చోబెట్టి బూటు లాగాను. మేజోడులోంచి బొటనవేలి కింద కండలోకి పిన్ను దిగిపోయి ఉంది. తెరుచుకున్న పిన్ను. పొద్దున్న జారిపోయినది బూటులోనే పడింది. మూడు గంటల పైన ఆయన దాని మీద పరిగెత్తారు. మావయ్య ఆ కాలిని ఎవరిదో పరాయి కాలిని చూసినట్టు చూశారు.

"నొప్పి పుట్టలేదా?"

నేను పిన్ను తల పట్టుకున్నాను.

"మావయ్యా, నేను లాగుతున్నాను. ఇప్పుడు తెలుస్తోందా?"

"లేదమ్మా. ఏడాది దాటింది. షుగరు వల్లే అనుకుంటా. మడమ కింద మొద్దు. ఒక్కోసారి పాదమంతా మొద్దు. ఆగి నేలకేసి కొడితే కాస్త తెలిసేది. ఇప్పుడు అది కూడా తెలియట్లేదు" అన్నారు.

పరుగులో ఆ స్టాపులూ టైములూ అన్నీ అలా ఆగి కాలు కొట్టుకోవడానికే. నాలుగు నెలలు పక్కన పరిగెత్తి, వీడియో చూసి నవ్వి, ఆయన గడియారమని మురిసిపోయాం. ఊళ్ళో వాళ్ళ చూపు సరిచేసే షాపులో పనిచేస్తూ ఇంట్లో మనిషి కాలు చూడలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మరి ఆ కాలేగా బ్రేకు మీద ఉండేది" అన్నాను.

"కిందికి చూసుకుంటే తెలుస్తుంది ఎక్కడుందో."

"రోడ్డు చూస్తారా, కాలు చూస్తారా?"

ఆయన పతకాన్ని వేళ్ళతో తిప్పారు. "ఇంట్లో చెప్పకమ్మా. వాళ్ళు పరీక్షలో కాలు చూడరు. ఊపిరే చూస్తారు."

ఆ రెండు రోజులు అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. గాయానికి రాయి గుచ్చుకుందని చెప్పి కట్టు కట్టించాం. అత్తయ్య పతకాలు గోడకి తగిలించి, తీసి తుడిచి, మళ్ళీ తగిలించారు. ఆ సంబరం చూడలేక నేను వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి తిరిగాను. ఆ ఊపిరి సంపాదించిపెట్టింది నేనే. రేపు ఆయన పాసైతే అందులో నా చెయ్యి ఉంది. బస్సులో అరవై మంది ఉంటారు. సోమవారం సాయంత్రం మెట్ల మీద ఆయనకి ఎదురెళ్ళి, "మీరు చెప్పకపోతే నేను చెప్తాను మావయ్యా" అన్నాను. ఆయన పక్కకి తప్పుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

మంగళవారం నేను కూడా వస్తానంటే వద్దనలేదు. పరీక్ష గది బయట బల్ల మీద కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. లోపల మిషను చప్పుడు. ఆరు నిమిషాలు దాటింది. పది దాటింది. పన్నెండు. డాక్టరు ఏదో అని నవ్వడం వినిపించింది. మిషను ఆగింది. తలుపు తట్టాలని చెయ్యెత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. లోపల కుర్చీ జరిపిన చప్పుడు, ఆ తర్వాత కత్తెర చప్పుడు.

తలుపు తీసుకుని మావయ్య వచ్చారు. ఎడమ కాలికి బూటుంది. కుడి బూటు చేతిలో ఉంది. పాదానికి కొత్త కట్టు.

"మిషను మీద పాసయ్యానమ్మా. ముప్పై ఏళ్ళ వాడిలా ఉన్నావన్నాడు. సంతకం పెట్టబోతుంటే బూటు విప్పి చూపించాను." నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు బెదిరించావని కాదు. పిన్ను సంగతే తెలియని కాలికి, రేపు ఎవరైనా బస్సుకి అడ్డం పడితే ఏం తెలుస్తుంది?"

ఆయన బల్ల మీద కూర్చున్నారు. ఇంట్లో ఎన్నడూ కూర్చోని మనిషి, వీపు గోడకి ఆనించి పూర్తిగా కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన బూటు తొడుక్కుని లేసు లాగారు. వదిలారు. మళ్ళీ లాగి, పాదం వైపు అనుమానంగా చూశారు.

"ఇది కాస్త కట్టిపెట్టమ్మా" అన్నారు.

నేను కింద కూర్చుని లేసు ముడివేస్తూ, "బిగుతు సరిపోయిందా?" అని అడిగాను.

"నాకెలా తెలుస్తుంది. నువ్వే చూడు."

లేసు కింద వేలు దూర్చి చూసుకున్నాను. కట్టు మీద ఒత్తుతున్నట్టు అనిపించి కొంచెం వదులు చేసి, మళ్ళీ కట్టాను.