ముప్పావు గిటార్ కోసం నల్లకుంట దాకా

ఎదిగే పిల్లలకు ఏది కొన్నా రెండు సైజులు పెద్దదే కొనాలన్నది ఆ రోజుల్లో మా ఇంట్లో, బైబిల్ తర్వాత అంతటి గట్టి నమ్మకం. నా యూనిఫాం మోకాళ్లు దాటి పిక్కల మీద ఊగేది. బూట్ల ముందు భాగంలో అమ్మ పాత గుడ్డలు కుక్కేది. (అవి నాకు సరిపోయే నాటికి అడుగులు అరిగిపోయేవి.) మా నాన్న రాజమండ్రి నుంచి ఉద్యోగం మీద వచ్చి తార్నాకలో స్థిరపడ్డ గుమస్తా. నాకు పదేళ్లప్పుడు, చర్చిలో గిటార్ నేర్పే మాస్టారు పిల్లకో గిటార్ కొనమని చెప్పగానే, నాన్న నల్లకుంట వెళ్లి కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్దది పట్టుకొచ్చాడు.

దాన్ని చూసి మాస్టారు నవ్వలేదు. నాకు అక్కడే భయం మొదలైంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గిటార్ ఒళ్లో పెట్టారు. దాని వెనక నుంచి నా కళ్లూ రెండు జడలూ మాత్రమే కనబడ్డాయట. కుడి చెయ్యి పైనుంచి వేస్తే భుజం లేచి చెవిని తాకింది, ఎడమ చెయ్యి ఎంత చాచినా గిటార్ మెడ మీద మొదటి మెట్టు అందలేదు. మోచెయ్యి వంచి హాయిగా పట్టుకోగలిగితేనే ఆ గిటార్ పిల్లకు సరిపోయినట్టనీ, ఈ పిల్లకు ముప్పావు సైజు కావాలనీ, మార్చలేకపోతే రెండేళ్లు ఆగి పిల్ల ఎదిగాక పంపమనీ నాన్నకు చెప్పారు. రెండేళ్లంటే నాకు ముసలితనం వచ్చేస్తుందనిపించింది. కొట్టాయనేమో శనివారం లోపు, ఒక్క గీత పడకుండా తెస్తే మారుస్తానన్నాడు.

ఆ శనివారం బంద్. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న కాలం, మేముండేది యూనివర్సిటీ క్యాంపస్ పక్కన. రాజమండ్రి నుంచి పెద్దమ్మ గంటకోసారి ఫోన్ చేసి మీ వీధి తగలబడుతోందటగా అని అడిగేది. అమ్మ కిటికీలోంచి చూస్తే కొబ్బరిబోండాల బండి దగ్గర బండాయన కునుకు తీస్తూ కనబడేవాడు. అయినా భయం భయమే. క్యాంపస్ వైపు నుంచి గాలి తిరిగిందంటే టియర్ గ్యాస్‌కి ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకునేవాళ్లం. అన్నిటికంటే ఎక్కువగా మా మాటకే మేం భయపడ్డాం. నోరు తెరిస్తే ఏ ప్రాంతం వాళ్లమో తెలిసిపోతుందని నాన్న వారం రోజులుగా కూరగాయలామెతో కూడా హిందీలోనే బేరమాడుతున్నాడు. (ఆవిడ జాలిపడి తెలుగులో జవాబు చెప్పేది.)

సాయంత్రం నాలుగు దాకా షట్టర్ సగం ఎత్తి ఉంచుతానని కొట్టాయన ఫోన్‌లో చెప్పాడు. బస్సుల్లేవు, బండి తీస్తే ఆపేస్తున్నారు. అమ్మ వద్దని మొత్తుకున్నా, నా ఏడుపు చూడలేక నాన్న గిటార్ పెట్టె భుజాన వేసుకుని, ఈసారి సైజు చూసి కొనాలని నన్నూ వెంటబెట్టుకుని క్యాంపస్ గుండా నడక మొదలుపెట్టాడు. గడప దాటుతూ ఒక్కటే చెప్పాడు.

"దారిలో ఎవరేం అడిగినా నువ్వు నోరు తెరవకమ్మా. నేను మాట్లాడతాను."

రోడ్డు ఖాళీగా ఉంది. అక్కడక్కడా రాళ్లు, కాలిన టైరు మచ్చలు. నా కాళ్లు వణికాయి గానీ, బూట్లు వదులు కాబట్టి లోపల్లోపలే వణికాయి. మలుపులో కల్వర్టు మీద ఏడెనిమిది మంది విద్యార్థులు కూర్చున్నారు. నల్లటి పొడుగాటి పెట్టె చూడగానే, మూతికి కండువా చుట్టుకున్న ఒకాయన లేచి వచ్చాడు.

"ఏంది సార్, పెట్టెల?"

నాన్న "గిటార్ హై" అని మూత తీశాడు. ఆ కండువా అన్న గిటార్ వంక చూసి, నా వంక చూసి, మళ్లీ గిటార్ వంక చూశాడు.

"గీ బిడ్డకా? పెద్దగైతది గద సార్."

మాస్టారు అన్నప్పుడు గౌరవం కొద్దీ ఊరుకున్నాడు గానీ, రోడ్డు మీద కుర్రాడు కూడా అదే మాట అనేసరికి నాన్నకు పౌరుషం వచ్చింది. హిందీ మరిచాడు, బంద్ మరిచాడు.

"ఎదిగే పిల్లండీ. రెండేళ్లు పోతే సరిపోద్ది కదా అని కొన్నానండీ."

రెండు 'అండీ'లు. మా పని అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాను.

"మా అమ్మ గూడ గంతే సార్. పది దాంక మా అన్న అంగీలే తొడిగింది," అన్నాడాయన. కల్వర్టు మొత్తం నవ్వింది. నాన్న కూడా నవ్వబోయాడు గానీ పెదాలు సహకరించలేదు. ఆ అన్న నా ముందు వంగి పేరడిగాడు. నేను నోరు బిగించాను. మళ్లీ అడిగాడు. నేను నాన్న వంక చూశాను.

"మాటలు రావా సార్?"

ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లి, చందా పళ్లెం పట్టుకుని తిరిగే మా నాన్న, రావన్నట్టు మెల్లగా తల ఊపాడు.

అంతే, ఆ అన్న ముఖం మారిపోయింది. పెట్టె తనే మూసి, భుజానికెత్తుకుని, అడిక్‌మెట్ వైపు గేటు దాకా మాతో నడిచాడు. ఇంకో గుంపు అడ్డొస్తే, చిన్న బిడ్డ, మాటలు రావు, తొవ్వ ఇయ్యుండ్రి అని చెప్పాడు. అసలు భయం నాకు అప్పుడు పుట్టింది. కాలు తట్టుకుని "అమ్మా" అంటే? గ్యాస్ వాసనకు దగ్గొస్తుంటే, మాటలు రానివాళ్లు ఎలా దగ్గుతారో తెలియక దాన్ని మింగేశాను. గేటు దగ్గర ఆయన నా తల మీద చెయ్యి వేసి, నాకు అర్థం కావాలని పెదాలు నిదానంగా కదుపుతూ అన్నాడు.

"మంచిగ నేర్చుకో బిడ్డ."

థాంక్స్ అనబోయి ఆగిపోయాను. అంటే నాన్న అబద్ధాలకోరు అయిపోతాడు.

గిటార్ మారింది. ముప్పావు సైజుది ఒళ్లో పెట్టుకోగానే చేతులు రెండూ వాటి చోటు అవే వెతుక్కున్నాయి. ఆ సాయంత్రం ప్రార్థనలో, ఊపిన తలకు క్షమించమని నాన్న దేవుణ్ని అడిగాడు. ఆ తర్వాత రెండు మూడు సార్లు, స్కూటర్ మీద వెళ్తుంటే, క్యాంపస్ టీ బండి దగ్గర ఆ అన్న కనిపించాడు. నన్ను చూడగానే గాల్లో తీగలు మీటి, వస్తోందా అన్నట్టు కళ్లెగరేసేవాడు. నేనూ గాల్లోనే వాయించి చూపించేదాన్ని. తర్వాత ఆయన కనబడలేదు.

ఇప్పుడు నన్ను మాట్లాడటం ఆపమని ఇంట్లోవాళ్లు బతిమాలుకుంటారు. ఆ పదేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. మా నాన్న 'అండీ' విన్నాక కూడా మా గిటార్ మోసిన మనిషి దగ్గర నేను ఇంకా దేనికి భయపడ్డానో. ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. అడగాలంటే నోరు తెరవాలి కదా.