వాల్‌క్రేలో చామంతులు

సెప్టెంబరు రెండో వారం. మధ్యాహ్నం మూడున్నర. వాన. రెండు వ్యాన్లలో ఎనిమిది మందిమి వాల్‌క్రే చేరాం. ఉత్తర ఫ్రాన్సులో ఒకే వీధి ఉన్న ఊరు అది. వీధికి పై కొసన నీళ్ళట్యాంకు. కింది కొసన చర్చి, దాని వెనక శ్మశానం, ఇంకా కింద మోకాలి లోతు వాగు. చుట్టూ చక్కెర దుంపల పొలాలు. దుకాణం లేదు. బడి ఎప్పుడో మూసేశారు. వ్యాన్ దిగి ఒక అడుగు వేశాను. రెండో అడుగుకి బూటు పైకి రాలేదు. అక్కడి నేలంతా సుద్ద. తడిస్తే రొట్టెల పిండిలా పట్టుకుంటుంది.

"ప్యారిస్‌కి స్వాగతం," అన్నాడు పాత బాంబుల సంగతి చూసే మా సార్జెంటు.

నార్త్ కరోలినాలో మేముండే మోరిస్‌విల్లో మనవాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళ్తే అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "ఆర్మీలో ఏం చేశావు? గన్ కాల్చావా?" కాల్చలేదు. ఎముకలు ఏరాను. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం దొరక్క అమెరికన్ ఆర్మీలో చేరితే, చనిపోయిన సైనికుల అవశేషాలు చూసే శాఖలో వేశారు. అక్కణ్ణించి, పాత యుద్ధాల్లో ఆచూకీ లేకుండా పోయినవాళ్ళని వెతికే బృందంలోకి వెళ్ళాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు పప్పు గిన్నె కొంచెం అటు జరుపుకుంటారు. నాకు అలవాటైపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో వాల్‌క్రే పొలాల్లో ఒక అమెరికన్ బాంబర్ కూలింది. అందులో ఉన్నవాళ్ళందరూ దొరికారు, ఒక్కడు తప్ప. విమానం తోకలో కూర్చునే గన్నర్. పంతొమ్మిదేళ్ళు. అతని చెల్లెలు ఇక్కడే నార్త్ కరోలినాలో ఒక కేర్ హోమ్‌లో ఉంది. తొంభై దాటింది. ఆవిడ కన్ను మూసేలోగా అన్నని ఇంటికి తేవాలి. మా కెప్టెన్ మాకిచ్చిన ఆర్డరు అదే.

మొదటి రోజే మేయర్‌ని కలిశాం. మేయరంటే ట్రాక్టరు దిగి చేతులు కడుక్కుని వచ్చిన రైతు. ఇంటర్‌లో స్కోరింగ్ సబ్జెక్టని నేను సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నాను. ఆ చదువు జీవితంలో ఎందుకైనా పనికొచ్చిందంటే అప్పుడే. కెప్టెన్ అడిగాడు, నేను అనువదించాను. "ఈ ఊళ్ళో ఎవరికైనా, ఎప్పుడైనా, దిక్కులేని ఎముకలు దొరికాయా?"

మేయర్ తల అడ్డంగా ఊపాడు. "దిక్కులేనివా? మా ఊళ్ళో అలాంటివి లేవు."

కెప్టెన్ 'లేవు' అని రాసుకున్నాడు. మేం తవ్వడం మొదలుపెట్టాం.

ఉదయం ఏడుకి పొలంలో దిగేవాళ్ళం. పార, బకెట్, జల్లెడ. సుద్దమట్టిని నీళ్ళతో జల్లెడ పడితే మిగిలేవి చెకుముకి రాళ్ళు, అల్యూమినియం తునకలు. ప్రతి సుద్దముక్కా ఎముకలాగే కనిపిస్తుంది. చేతికి తీసుకుంటే పొడి అయిపోతుంది. వీటికి తోడు, మొదటి యుద్ధం నాటి ఫిరంగి గుండ్లు తేలేవి. అప్పుడు రేడియోలో సార్జెంటు గొంతు తాపీగా వచ్చేది. "అందరూ రోడ్డు మీదకి. మరో తాతగారు నిద్రలేచారు."

ఆ ఊళ్ళో అదేం వింత కాదు. రైతులు దున్నేటప్పుడు గుండు తగిలితే తెచ్చి కరెంటు స్తంభం మొదట్లో పెట్టి, పనికి పోతారు. ప్రభుత్వం వాళ్ళొచ్చి తీసుకుపోతారు. మొదటి యుద్ధంలో వాల్‌క్రేలో ఒక్క గోడ మిగల్లేదట. జనం తిరిగొచ్చి సైన్యం వదిలేసిన గుడిసెల్లో బతికి, ఎర్ర ఇటుకలతో ఊరు మళ్ళీ కట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే రెండో యుద్ధం. చర్చి ముందు రాతి మీద చెక్కిన పేర్లు ఇప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళ కంటే ఎక్కువ.

రోజూ ఒక ముసలావిడ రోడ్డు పక్కన మడతకుర్చీ వేసుకుని మమ్మల్ని చూసేది. మదామ్ లూసీ. మేం తవ్వే పొలం ఆవిడదే. పదింటికి ఫ్లాస్కులో కాఫీ తెచ్చేది. నేను వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి.

"దొరికాడా?" అనేది.

"లేదు మదామ్."

"ఊఁ," అనేది. అంతే.

అక్టోబరు ఆఖరుకి గొయ్యి ఒక ఇంటి పునాదంత అయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. మాకు ఎలుక కూడా దొరకలేదు. ఇంకో వారంలో సామాను సర్దుకోమని ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం కేర్ హోమ్ నుంచి ఫోనొచ్చిందని కెప్టెన్ చెప్పాడు. చెల్లెలు తిండి తగ్గించేసిందట. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. సుద్ద మీదే అనుకుంటా.

అదే వారంలో దీపావళి. వీడియో కాల్లో నా భార్య మాధవి పోరు పెట్టింది. "రోజంతా ఆ బోన్స్ మధ్యే ఉంటావ్. పండగపూట అట్లీస్ట్ ఫ్లవర్స్ అయినా కొనుక్కో ప్లీజ్. హెడ్ బాత్ కూడా చెయ్యి, స్కిప్ చేశావంటే ఊరుకోను."

పక్క ఊరి సంతలో ఎటు చూసినా చామంతులే. పసుపు, తెలుపు, కుండీల వరసలు. నాకు ప్రాణం లేచొచ్చింది. పచ్చ చామంతుల కుండీలు రెండు కొన్నాను. ఒకటి నా గదికి. ఒకటి ఇన్నాళ్ళు కాఫీ పోసిన మదామ్ లూసీకి.

ఆవిడ తలుపు తీసింది. కుండీ చూసింది. మొహంలో కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు.

"నేనింకా పోలేదు బాబూ," అంది.

ఆ దేశంలో చామంతి సమాధులకే. నవంబరు ఒకటిన పోయినవాళ్ళకి పెట్టే పువ్వు. బతికున్న మనిషి గుమ్మంలోకి ఎవరూ తేరు. మా దేశంలో దేవుడికి పెడతామనీ, ఇవాళ పండగనీ నోటికొచ్చిన ఫ్రెంచిలో మొత్తుకున్నాను. ఆవిడ చాలాసేపు కుండీనే చూసింది. తర్వాత కోటు తొడుక్కుంది.

"పద. ఇది ఎవరిదో వాళ్ళకే ఇద్దాం."

శ్మశానంలో వాళ్ళ కుటుంబ సమాధి మీద కుండీ పెట్టించింది. రాతి మీద ఒక పేరు చూపించింది, రెనే. ఆవిడ అన్న. జర్మనీ ఫ్యాక్టరీలో పనికి పట్టుకుపోతే తిరిగి రాలేదట.

"మీ సమాధులు ఎక్కడుంటాయి?" అని అడిగింది.

"ఉండవు. కాల్చాక ఎముకలు ఏరి నదిలో కలుపుతాం."

"మరి ఏడవాలంటే ఎక్కడికి వెళ్తారు?"

నేను వంగి కుండీని సరిచేశాను.

"మీరు వెతికే అబ్బాయికి ఎవరున్నారు?"

"చెల్లెలు. తొంభై దాటింది. మొన్నటి నుంచి సరిగ్గా తినడం లేదు."

"చెల్లెలా," అంది మదామ్ లూసీ. రెనే పేరు మీద చెయ్యి ఆనించింది.

మర్నాడు ఏడింటికి ఆవిడ మేయర్‌ని వెంటబెట్టుకుని పొలానికొచ్చింది. గొయ్యి అంచున నిలబడి చెప్పింది. "తవ్వకం ఆపండి. అతను ఇక్కడ లేడు. మా వాళ్ళ దగ్గర ఉన్నాడు."

మొదటి యుద్ధం తర్వాత ఆ ఊళ్ళో ప్రతి పొలంలోనూ పేరులేని ఎముకలు తేలాయి. అప్పుడు ఊరు ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఎవరి పొలంలో దొరికితే వాళ్ళ సమాధిలో పెట్టుకోవాలి. ఆ తర్వాత అతను ఆ ఇంటివాడే. అందుకే మేయర్ అబద్ధం ఆడలేదు. ఆ ఊళ్ళో దిక్కులేని ఎముకలు నిజంగానే లేవు. విమానం కూలినప్పుడు జర్మన్లు వచ్చేలోగా ఈవిడ తండ్రి తోక దగ్గర దొరికినంత పోగుచేసి పశువుల పాకలో దాచాడు. యుద్ధం అయిపోయింది. రెనే రాలేదు. తల్లి మంచం పట్టింది. ఆమె ఏడవడానికి ఒక చోటు కావాలని, తండ్రి ఆ అబ్బాయిని రెనే స్థానంలో పెట్టి రాతి మీద రెనే పేరు చెక్కించాడు. తల్లికి తెలుసు. అయినా పోయేదాకా ప్రతి ఆదివారం వెళ్ళింది. తర్వాత కూతురు వెళ్ళింది.

అనుమతులు వచ్చాక రాయి లేపారు. సన్నగా ఉన్నానని నన్ను లోపలికి దింపారు. చిన్న చెక్కపెట్టె. అందులో కుట్టుపూల టేబుల్ గుడ్డ, దాంట్లో ఎముకలు. ఒక మనిషికి సరిపడా లేవు. మడమ ఎముక పక్కన మడిచి పెట్టిన బూటు తోలు. గుడ్డకి రెనే తల్లి చేత్తో వేసిన ముడి ఇన్నేళ్ళకీ గట్టిగా ఉంటే, కష్టపడి విప్పాను. బూట్లు విప్పి పడుకోబెట్టిన పిల్లాడిలా సర్ది ఉన్నాయవి. నేను లోపలే ఏడ్చాను. పైన ఉన్నవాళ్ళు కాసేపు ఆగారు.

"ఏదైనా ఒక్కటి ఉంచండి," అంది మదామ్ లూసీ. "చిన్నదైనా సరే."

అనువదించాను. కెప్టెన్ కిందకి చూస్తూ చెప్పాడు. "రూల్ లేదు. చివరి తునక దాకా తీసుకెళ్ళాలి. గుడ్డ కూడా."

అది ఆవిడకి నేనే చెప్పాలి. చెప్పాను.

ల్యాబ్‌వాళ్ళు పేరు ఖాయం చెయ్యడానికి ఏడాది పట్టింది. అతనే. చెల్లెలు అప్పటిదాకా ప్రాణం బిగపట్టుకుని ఉంది. అంత్యక్రియల్లో వీల్‌ఛెయిర్‌లో ఒళ్ళో జెండాతో కూర్చుని నన్నొకటే అడిగింది. "ఇన్నేళ్ళూ ఒంటరిగా ఉన్నాడా?" లేదని, ఒక కుటుంబం దగ్గర ఉన్నాడని చెప్పాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆ పని చేసినందుకు నాకు గర్వమే. ఇప్పటికీ.

వాల్‌క్రే నుంచి ఇంటికొచ్చిన రోజు మాధవి నన్ను లోపలికి రానివ్వలేదు. గరాజ్‌లోనే బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. ఒళ్ళు తుడుచుకుని లోపలికెళ్తే, పూజగది నిండా పచ్చ చామంతులు. "నీ కోసమే తెచ్చా, దేవుడికి పెట్టు," అని ఒక దోసెడు నా చేతిలో పోసింది. నేను పెట్టలేకపోయాను.

వాల్‌క్రేలో ఆ రోజు సమాధి రాయి మళ్ళీ మూసినప్పుడు మదామ్ లూసీ పక్కనే ఉంది. పని కోసం మేం తీసి పక్కన పెట్టిన నా చామంతి కుండీని రెండు చేతులతో ఎత్తుకుంది. రాయి దగ్గరికి వచ్చింది. దించబోయింది. ఆగింది. మా వ్యాన్ మలుపు తిరిగేదాకా వెనక అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఆ కుండీ ఎక్కడ దించాలో తెలియక ఆవిడ అలాగే నిలబడి ఉంది.