జూలో బాలింత

మొన్న ఇక్కడ కాపెల్ ఊళ్లో మా మనవరాలు స్కూల్ ప్రాజెక్ట్ కోసం అంతరించిపోతున్న పక్షుల బొమ్మలు అతికిస్తూ, "తాతా, ఈ బర్డ్ నిజంగా ఉందా?" అని ఒకటి చూపించింది. నల్లటి ఒళ్లు, నీలం మెడ, నెత్తిన కొమ్ములాంటి టోపీ. కాసోవరీ. ఉందా అంటే ఏం చెప్పను, మా అమ్మ దానికి అన్నం పట్టుకెళ్లింది!

ఎనభైల మొదట్లో మాట. మా ఆవిడ డాక్టరీ ట్రైనింగ్ మధ్యలో పాప పుట్టింది. పురుడు పొయ్యడానికి తెనాలి నుంచి అమ్మ సముద్రాలు దాటి ఈ దేశం వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడి మావాళ్లు చాలామంది నెలల పిల్లల్ని ఇండియాలో పెద్దవాళ్ల దగ్గరికి పంపేసేవారు. అమ్మ కూడా వెళ్లేటప్పుడు పాపను తీసుకెళ్లిపోతానంది. ట్రైనింగ్ మానేస్తే మా ఆవిడకు మళ్లీ సీటు రాదు. నేను సాయంత్రం షిఫ్ట్‌కి మారి పగలు చూసుకుంటానంటే, మగాడి చేతిలో పసిగుడ్డేమిటి, నలుగురూ నవ్విపోతారని అమ్మ కొట్టిపారేసింది. మా ఆవిడ బాత్‌రూంలో కొళాయి విప్పుకుని ఏడ్చేది.

అలాంటి ఒక ఆదివారం జూకి వెళ్లాం. వానల అడవుల పక్షుల్ని ఉంచిన చోట, ఇంచుమించు మనిషెత్తు కాసోవరీ ఒకటి ఆకుల మీద కూర్చుని గుడ్లు పొదుగుతోంది. అమ్మ అక్కడే ఆగిపోయింది. ఎన్నాళ్లు కూర్చుంటుంది, గుడ్లు ఏ రంగు, ఏం తింటుంది అని ప్రశ్నల మీద ప్రశ్నలు. వాటిని చూసుకునే అమ్మాయికీ అమ్మకీ మధ్య నేను దుబాసీని. పొదిగినన్నాళ్లూ తిండి సరిగా తినదని వినగానే అమ్మ ప్రాణం ఉసూరుమంది. మరుసటి ఆదివారం, మా ఆవిడ కోసం చేసిన వెల్లుల్లి కారం, నెయ్యి వేసి కలిపిన అన్నం డబ్బాలో పెట్టుకొచ్చి, "బాలింత కదరా, నోరు చప్పబడిపోయి ఉంటుంది. రెండు ముద్దలు పెట్టమను" అంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. అన్నం పెట్టకూడదంది. పైగా అది తల్లి కాదు, తండ్రంది. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుందట. పొదగడం, పిల్లల్ని నెలల తరబడి వెంట తిప్పుకుని పెంచడం అంతా మగదేనట. నేనీ మాట తెలుగులో చెబుతుంటే, నా లాభం కోసం కల్పిస్తున్నానని అమ్మకు అనుమానం. లేని మీసం మెలేసి, పక్షి వైపు వేలు చూపించి తానే అడిగింది. ఆ అమ్మాయి అవునని తలూపింది. అమ్మ డబ్బా మూత బిగించుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దున్నే పాపకు నూనె రాసి, నన్ను బాత్‌రూంలో కూర్చోమంది.

"కాళ్లు చాపు. నీళ్లు పొయ్యడం నేర్చుకో. తెనాలికి నేనొక్కదాన్నే వెళ్తాలే."

పాపను నా కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. గుమ్మంలో మా ఆవిడ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత రోజూ నేనే పోశాను. కాళ్ల మీద పిల్ల పట్టే కాలం ఎంతని? కాచిన నీళ్లు చల్లారేలోపే అయిపోయింది.